పదిహేనో రోజు గుళికలు

వానాకాలపు పంట సార్వాకు నాట్లు పడి పదిహేను రోజులు కాగానే మా ఊళ్లో ఏ గట్టు మీద చూసినా ఒకే దృశ్యం కనబడుతుంది. పట్టా పరచి, దాని మీద యూరియా బస్తా గుమ్మరించి, పైన గుళికల మందు ప్యాకెట్లు కత్తిరించి పోసి, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని కలియబెట్టి, బేసిన్లకెత్తుకుని మడిలోకి దిగుతారు. ఆ సమయానికి మడిలో పురుగు ఉన్నదా లేదా అని ఎవరూ వంగి చూడరు. ముందే వేస్తే రాదన్న నమ్మకం ఉన్నచోట చూడవలసిన పని కూడా కనబడదు. నాన్నగారు ఉన్నంతకాలం అలాగే వేయించారు. ఆయన తరువాత ఆ మూడెకరాలూ కౌలుకిచ్చాను, కౌలుదారూ అలాగే వేస్తున్నాడు. డిగ్రీ కళాశాలలో ముప్ఫై ఏళ్లపాటు జంతుశాస్త్రం చెప్పి, మొక్కల నుంచి వేటాడే జీవుల దాకా మెట్టు మెట్టుకూ శక్తి ఎలా తగ్గుతుందో చూపే శక్తి పిరమిడ్‌ను ప్రతి సంవత్సరం నల్లబల్ల మీద గీసిన నేను, ఆ పిరమిడ్‌కూ ఈ గుళికలకూ ఉన్న సంబంధాన్ని చాలా కాలం పట్టించుకోలేదు. పట్టించుకోవడం మొదలుపెట్టాక నాకు కుదిరిన నిశ్చయాన్ని ముందే చెబుతాను: నాట్లు పడిన మొదటి నెలన్నరలో ప్రధాన పొలంలో అలవాటుగా వేసే పురుగుమందు, పురుగు కన్నా ముందు, పురుగును తినే జీవుల అన్నం మీద పడుతుంది, కంకి బయటికి వచ్చే ఈనిక నాటికి, వరిని తినే సుడిదోమ విరగబడడానికి మనమే అలా దారి తీస్తున్నాము.

పాఠ్యపుస్తకంలో ఆహారపు గొలుసు అనగానే గడ్డి, జింక, పులి బొమ్మలు వేస్తారు. పులిని చూడని విద్యార్థికి అది కథలా మిగిలిపోతుంది. ఈ లెక్కను మొదట కట్టినవాడు అడవికి వెళ్లలేదు. అమెరికాలోని మిన్నెసోటాలో సెడార్ బాగ్ అనే చిన్న చెరువు ఒడ్డున రేమండ్ లిండెమన్ అనే యువకుడు, ఆయన భార్య ఎలినార్ కలిసి ఐదేళ్లపాటు నీటిలోని నాచునూ, నాచును తినే సూక్ష్మజీవులనూ, బురదలోని పురుగులనూ ఏరి, తూచి, వాటన్నిటినీ శక్తి అనే ఒకే కొలతలోకి మార్చారు. ఈ లెక్కలతో రాసిన వ్యాసం 1942లో అచ్చయ్యే నాటికి లిండెమన్ లేడు. 26 ఏళ్లకే కన్నుమూశాడు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పదో వంతు శక్తి మాత్రమే చేరుతుందని మనం ఆయన పేరుతోనే వల్లె వేయిస్తాము గాని, ఆయన లెక్కలో అన్ని మెట్లకూ ఒకే అంకె రాలేదు. నాచు తన మీద పడిన ఎండలో వెయ్యింట ఒక వంతు పట్టుకుంటే, నాచులోని దానిలో సుమారు 13 శాతం దాన్ని తినేవాటికీ, అందులో సుమారు 22 శాతం వాటిని తినేవాటికీ చేరింది. అంకె ఏదైనా సారం ఒక్కటే. ప్రతి మెట్టు దగ్గరా తిన్నదానిలో అధిక భాగం ఊపిరికీ కదలికకూ ఖర్చయి వేడిగా పోతుంది. ఒకసారి వేడిగా పోయిన శక్తి ఏ నోటికీ తిరిగి అందదు. అందువల్ల వేటాడి బతికే జీవి ఎప్పుడూ ఇరుకు సంసారమే చేస్తుంది.

ఈ ఇరుకే నా వాదనకు మూలం. మడిలో మందు పడినప్పుడు సుడిదోమా చస్తుంది, దాన్ని తినే తోడేలు సాలీడూ చస్తుంది, మిరిడ్ నల్లీ చస్తుంది. ముగ్గురికీ సమానంగా దెబ్బ తగిలిందనే అనుకుందాము. మర్నాటి పరిస్థితి మాత్రం సమానం కాదు. బతికి బయటపడిన సుడిదోమకు అన్నం ఏమీ తగ్గలేదు, ఎకరం వరి అంతా దాని చుట్టూ నిలబడే ఉంది. బతికిన సాలీడుకు తినడానికి దాదాపు ఏమీ మిగలలేదు. పైగా సుడిదోమ తన గుడ్లను కాండాన్ని చుట్టి ఉండే ఆకు తొడిమ కండలోకి గుచ్చి పెడుతుంది, పైన పిచికారీ చేసిన మందు చాలావరకు వాటిని తాకదు. అవి వారం పది రోజుల్లో పొదిగితే, పిల్లలు శత్రువు లేని మడిలోకి బయటపడతాయి. సుడిదోమకు తరం మారడానికి ఇంచుమించు 25 రోజులు చాలు. తోడేలు సాలీడు జీవితం మూడు నాలుగు నెలలు. ఆడ సాలీడు గుడ్ల సంచిని కడుపు చివర కట్టుకుని తిరుగుతుంది, పిల్లలు పుట్టాక వాటిని వీపున మోస్తుంది. ఆ తల్లి ఒక్కతి చచ్చిపోతే సంచిలోని సంతానమూ దానితో పోయినట్టే. ఇలా రెండు మూడు పిచికారీలయ్యాక ఎవరు నిలుస్తారో చెప్పడానికి శాస్త్రం చదవనక్కరలేదు.

అయినా శాస్త్రం దీన్ని చాలా ముందుగానే చెప్పింది, అదీ చేపల బజారులోని చిట్టాల నుంచి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో వేట మందగించింది. ఉంబెర్తో దాంకోనా అనే జీవశాస్త్రవేత్త ట్రియెస్టె, ఫ్యూమె, వెనిస్ రేవుల అమ్మకాల పట్టీలు తిరగేస్తే, సొర జాతి చేపలు, అంటే ఇతర చేపలను వేటాడి తినేవి, యుద్ధ సంవత్సరాల్లో బాగా పెరిగినట్టు తేలింది. ఫ్యూమె రేవులో వాటి వాటా 1914లో 11.9 శాతం, 1918లో 36.4 శాతం. వేట తగ్గితే అన్ని చేపలూ సమానంగా పెరగాలి కదా, తినేవే ఎందుకు ఎక్కువ పెరిగాయన్న ప్రశ్నను ఆయన తనకు కాబోయే మామగారైన గణితవేత్త వీటో వోల్తెర్రాను అడిగాడు. 1926లో వోల్తెర్రా ప్రకటించిన సమీకరణాల్లో ఒక ఫలితం ఇది: తినేదాన్నీ తినబడేదాన్నీ విచక్షణ లేకుండా ఒకే దామాషాలో చంపుతూ పోతే, సగటున తినబడేది పెరుగుతుంది, తినేది తగ్గుతుంది. వలకు బదులు పిచికారీ డబ్బా అనుకుని, సొరకు బదులు సాలీడు అనుకుని ఈ వాక్యాన్ని ఇంకొకసారి చదవమని రైతు కుటుంబాల నుంచి వచ్చిన ప్రతి విద్యార్థినీ నేను కోరేవాణ్ణి. అయితే అది ఉద్యోగంలో చివరి పదేళ్ల మాట.

అంతకు ముందు నేను చేసిన తప్పు కూడా ఇక్కడ చెప్పాలి. ఒక సార్వాలో మా చేను ఈనిక మీద ఉండగా సుడిదోమ తగిలింది. చేను మధ్యలో గుండ్రంగా, సుడులు సుడులుగా ఎండి, గోధుమ రంగుకు తిరిగి పడిపోవడాన్ని చూసినవారికి ఆ పురుగుకు ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పనక్కరలేదు. అప్పటికే మూడుసార్లు పిచికారీ అయింది. సెలవుకు ఇంటికి వెళ్లిన నన్ను నాన్నగారు గట్టు మీదకు తీసుకువెళ్లి, "ఏరా, కొట్టిన చేలోనే ఎక్కువ పడుతోందేంట్రా?" అని అడిగారు. నేను మందు కల్తీదై ఉంటుందని, ఇంకా ఘాటైనది కొట్టించమని చెప్పాను. ఆయన ప్రశ్నలో మొత్తం సమాధానం ఉన్నది. జీవశాస్త్రం చదివిన కొడుకు దాన్ని వినలేదు.

వినడం నేర్పినది జావా ద్వీపం నుంచి వచ్చిన ఒక పరిశోధన. విలియం సెటిల్, ఆయన సహచరులు అక్కడి వరి మడుల్లో నాట్ల నాటి నుంచి కోత దాకా జీవులను లెక్కపెట్టి, 1996లో ఫలితాలు ప్రకటించారు. వారికి ఎదురైన చిక్కు నాకు ఎంతో ఇష్టమైనది. నాట్లు పడిన తొలి వారాల్లో, పైరును తినే పురుగులు ఇంకా సరిగా రాకముందే, మడిలో సాలీళ్లు, నీటి మీద పరుగెత్తే నల్లులు, ఇతర వేటగాళ్లు దండిగా ఉన్నాయి. తినబడేవి తక్కువ, తినేవి ఎక్కువ. పిరమిడ్ తలకిందులైనట్టు కనబడింది. లిండెమన్ లెక్క ప్రకారం అది జరగడానికి వీలులేదు, శక్తి ఎక్కడి నుంచో రావాలి. పైరు నుంచి రాకపోతే మరి దేని నుంచి?

సమాధానం బురదలో దొరికింది. మడికి నీరు పెట్టి దున్ని దమ్ము చేసినప్పుడు మట్టిలో కలిసిన మోళ్లు, వేళ్లు, కలుపు, పశువుల ఎరువు నీటిలో కుళ్లుతాయి. ఆ కుళ్లును బాక్టీరియా, బూజులు తింటాయి. వాటితో కలిపి ఆ ముద్దను బురద పురుగులు తింటాయి. నీరు పెట్టిన మడిలో ఎండ తగిలి పెరిగే నాచునూ సూక్ష్మజీవులనూ వడకట్టి తినే పిల్లపురుగులు మరికొన్ని. వీటిలో ముఖ్యమైనది కైరోనమస్ జాతి దోమ. నాట్ల రోజుల్లో సాయంత్రం వీధి దీపం కింద గుంపుగా మూగే, మనిషిని కుట్టని సన్నదోమలు అవే. వాటి పిల్లపురుగుల్లో కొన్ని మన నెత్తురులో ఉండేలాంటి హీమోగ్లోబిన్ వల్ల ఎర్రగా ఉంటాయి, అందువల్లే గాలి తక్కువైన బురదలోనూ బతుకుతాయి. అవి వరిని ముట్టవు. రెక్కలు వచ్చి నీటి మీదికి తేలే వేళకు సాలీళ్లు వాటి కోసం కాచుకుని ఉంటాయి. అంటే వరి మడిలో రెండు గొలుసులున్నాయి: ఒకటి పచ్చటి ఆకు నుంచి పైకి వెళ్లేది, రెండవది చచ్చిన మోడు నుంచి పైకి వెళ్లేది. సీజను మొదట్లో వేటగాళ్లను పోషించేది ఆ రెండవదే. సెటిల్ బృందం కొన్ని మడుల్లో సేంద్రియ పదార్థాన్ని అదనంగా వేసి చూస్తే, ముందు బురద పురుగులు పెరిగాయి, వాటి వెనుక వేటగాళ్లూ పెరిగాయి. తరువాత బురద పురుగులు తగ్గుముఖం పట్టి సుడిదోమలాంటివి వచ్చేసరికి, కడుపు నిండి, పిల్లలు పెట్టి, సంఖ్య పెరిగిన వేటగాళ్ల సేన అక్కడ సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు పదిహేనో రోజు గుళికలను తలచుకోండి. అవి పడేది ఆకు మీద కాదు, నీటిలో. కరిగి దిగేది ఆ ఎర్ర పురుగులుండే బురదలోకే. వరిని ముట్టని జీవులను చంపి, ఇంకా రాని శత్రువును ఎదుర్కోవలసిన సేనకు మనమే సరుకు ఆపేస్తున్నాము. ఆ ఖర్చు అక్కడితో ఆగదు. నెల తరువాత సుడిదోమ మందు, దాని తరువాత ఇంకొకటి. మొదటి మందు వల్ల అవసరమైన రెండవ మందును రైతు విడిగా చూస్తాడు కనుక, రెండింటినీ కలిపి లెక్కవేసే అవకాశం అతనికి రాదు. వ్యాపారికి ఆ అవసరమూ లేదు.

దీనిని ఒక దేశం మొత్తంగా లెక్కవేసి చూసిన సందర్భం ఉన్నది. ఇండోనేషియాలో వరి మీద పురుగుమందుల ధరలో ఎనభై శాతానికి పైగా ప్రభుత్వమే భరించేది, అందుకు ఏటా పది కోట్ల డాలర్లకు మించి ఖర్చయ్యేది. అయినా సుడిదోమ మళ్లీ మళ్లీ విరుచుకుపడింది. పీటర్ కెన్మోర్ వంటి శాస్త్రవేత్తలు, సహజ శత్రువులు చావడం వల్లనే అది పెరుగుతున్నదని రుజువులు చూపించాక, 1986 నవంబరులో దేశాధ్యక్షుడు సుహార్తో ఉత్తర్వుతో 57 రకాల పురుగుమందులను వరి మీద వాడకుండా నిషేధించారు. 1989 మొదలయ్యేసరికి సబ్సిడీ కూడా ఎత్తివేశారు. అదే ఏడాది రైతులే మడిలో దిగి పురుగులను గుర్తుపట్టి లెక్కపెట్టే పొలంబడులు అక్కడ మొదలయ్యాయి. మందు తగ్గింది, వరి దిగుబడి తగ్గలేదు. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 1994 నుంచి 'మొదటి నలభై రోజులు మందు వద్దు' అన్న ఒక్క మాటను రేడియో నాటికల ద్వారా ప్రచారం చేస్తే, పిచికారీల సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. మన దగ్గర కూడా పాల్వంచ మండలంలోని పునుకుల గ్రామం పత్తిలో పురుగుమందును మొత్తంగా మానుకున్న ఊరుగా పేరు తెచ్చుకున్నది. పత్తి వేరు, వరి వేరు కాబట్టి ఆ అనుభవాన్ని నా వాదనకు ఆధారంగా వాడుకోను. ఊరంతా కలిసి నిర్ణయించుకోవడం ఇక్కడ సాధ్యం కాదన్నవారికి మాత్రం ఆ ఊరి పేరు చెబుతాను.

నిరుడు ఈ సంగతులన్నీ మా కౌలుదారుతో గట్టు మీద కూర్చుని మాట్లాడాను. అతను ఓపికగా విన్నాడు. చివరికి అన్నాడు: "మాస్టారూ, మీరు సాలీళ్లు లెక్కెడతారు బానే ఉందండి. నేను కౌలు బస్తాలు లెక్కెట్టుకోవాలి కదండీ. తెల్లకంకి పడి ఎకరాకి నాలుగు బస్తాలు పోతే ఎవరిత్తారండి?"

ఈ ప్రశ్నను పక్కన పెట్టి పర్యావరణం గురించి ఎంత మాట్లాడినా అది నిజాయితీ కాదు. గుళికలు అతని దృష్టిలో మందు కన్నా బీమా. పంట పోయినా ఇచ్చి తీరవలసిన కౌలు ముందే ఖాయమై ఉన్న మనిషి, చిన్న ఖర్చుతో పెద్ద భయాన్ని తీర్చుకుంటున్నాడు. అతని భయంలో నిజం లేకపోలేదు. కాండం తొలుచు పురుగు పిలక దశలో మొవ్వును చంపితే పైరు కొత్త పిలకలు వేసి చాలావరకు సర్దుకుంటుంది గాని, ఈనిక దశలో తెల్లకంకి పడితే, అంటే కంకి గింజ పట్టక తెల్లగా ఎండితే, ఆ కంకి పోయినట్టే. ఉల్లికోడు అనే పురుగు తగిలిన పిలక కంకి వేయదు. అయితే పదిహేనో రోజున వేసిన గుళికలు రెండు నెలల తరువాతి తెల్లకంకిని ఆపలేవు. కాండం తొలుచు పురుగు ఆకు కొనల దగ్గర గుడ్లు పెడుతుంది కనుక నారు కొనలు తుంచి నాటడం, ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించే లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగుల రాకను కనిపెట్టడం, నారు తీసే ముందు అవసరమైతే నారుమడి వరకే గుళికలు వేయడం ఎంతో మేలు. నారుమడి అయిదు సెంట్లు, ప్రధాన పొలం ఎకరం. హాని ఎంత విస్తీర్ణంలో జరుగుతుందన్నది చాలా పెద్ద తేడా. సుడిదోమకైనా దుబ్బు అడుగున తట్టి చూసి, పిలక దశలో దుబ్బుకు పది పదిహేను కనబడితేనే మందు గురించి ఆలోచించమంటారు. అక్కడ సాలీళ్లు, మిరిడ్ నల్లులు బాగా ఉంటే ఇంకొన్నాళ్లు ఆగవచ్చు. రెండు మీటర్లకొక కాలిబాట తీసిన చేలో గాలి, వెలుతురు దూరి సుడిదోమ అంతగా నిలవదు. నత్రజని మోతాదు మించితే మాత్రం ఇవన్నీ చేసినా ఫలితం అంతంతమాత్రమే, ఎందుకంటే యూరియాతో ఏపుగా పెరిగిన మెత్తటి కాండం సుడిదోమకు పెళ్లి భోజనం.

వీటికన్నా నన్ను ఎక్కువ కలచివేసేది గడ్డి తగలబెట్టడం. రెండో పంట దాళ్వా కోతలు యంత్రాలతో మొదలయ్యాక, పశువులు తగ్గిపోయాక, గడ్డిమేటు వేసేవారే అరుదయ్యారు. కాలువలు కట్టేసేలోపు ఒక సాయంత్రం అగ్గిపుల్ల గీస్తారు. ఎండ నుంచి నాలుగు నెలలు శ్రమపడి పైరు పట్టుకున్న శక్తిలో ధాన్యంగా మన ఇంటికి వచ్చినది పోగా, మిగిలినదంతా ఆ గడ్డిలో, మోళ్లలో ఉంటుంది. అది సార్వా దమ్ములో మట్టిలో కలిస్తే కైరోనమస్ పురుగుకు, దాని ద్వారా సాలీడుకు, తూనీగకు, దమ్ము వెంట నడిచే కొంగకు అన్నమయ్యేది. మంట పెడితే పది నిమిషాల్లో వేడిగా ఆకాశంలోకి పోతుంది. జీవుల ఒంట్లో మెట్టు మెట్టుకూ కొంత పనిచేసి పోవలసిన వేడి, ఏ పనీ చేయకుండా పోతుంది. మా వైపు వేసవిలో ఒకేసారి కాలువలు ఆగి ఎకరాలకు ఎకరాలు ఎండిపోతాయి కనుక, వేటగాళ్లు తలదాచుకునేది పచ్చగా ఉన్న గట్లలోనే. ఆ గట్లకూ ఇప్పుడు గడ్డి మందు కొడుతున్నాము. ఎండిపోయి, కాలిపోయి, గట్టు కూడా మాడిపోయిన నేల మీద సార్వా మొదలవుతుంది. అక్కడికి కొత్తగా వచ్చి చేరిన కొద్దిపాటి సాలీళ్లకు పదిహేనో రోజున గుళికలు ఎదురవుతాయి. జీలుగో జనుమో చల్లి కలియదున్నడాన్ని మనం భూసారం కోసమే అనుకుంటాము. నా దృష్టిలో అది పురుగు యాజమాన్యంలో మొదటి పని కూడా.

కౌలుదారు అడిగిన ప్రశ్నకు మటుకు పుస్తకంలో సమాధానం లేదు. ఆ నాలుగు బస్తాలు ఎవరిస్తారన్నదానికి న్యాయంగా చెప్పగలిగిన జవాబు ఒక్కటే: భూమి ఎవరిదో వారు. సాలీళ్లు నిలిచి, నేల కోలుకుంటే దీర్ఘకాలంలో లాభపడే భూమి నాది. ఒక్క పంటలో నష్టపోయే భయం అతనిది. ఆ రెండూ వేర్వేరు మనుషుల దగ్గర ఉన్నంతకాలం ఏ వ్యవసాయ సలహా అయినా అతనికి బరువే అవుతుంది. ప్రభుత్వాలు మందు మానిన రైతుకు నష్ట హామీ ఇస్తే సంతోషమే గాని, పొలాన్ని కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్న నాలాంటివారు అంతదాకా ఆగవలసిన అవసరం ఏమీ లేదు.

అందుకని ఈ సార్వాకు మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాము. కాలువ పక్క ఎకరంలో వేసవిలో గడ్డి కాల్చలేదు, తొలకరికి జీలుగ చల్లి దమ్ములో తొక్కించాము, పదిహేనో రోజున గుళికలు వేయలేదు. ఆ ఎకరంలో పక్క రెండెకరాల కన్నా ఎన్ని బస్తాలు తగ్గితే అన్ని బస్తాలు కౌలులో మినహాయించుకోవాలి. మాట మీద నమ్మకం చాలదని కాగితం మీద రాసి ఇచ్చాను. దిగుబడి సంగతి కోత నాటికి గాని తేలదు.

నాట్లు పడిన ఇరవై రెండో రోజు రాత్రి ఇద్దరమూ టార్చిలైటు పట్టుకుని ఆ ఎకరం గట్టు మీద నిలబడ్డాము. లైటును కంటి పక్కన ఆనించి పట్టుకుని నీటి అంచున చూస్తే, తోడేలు సాలీళ్ల కళ్లు ఆ వెలుగును తిప్పికొట్టి ఆకుపచ్చ చుక్కల్లా మెరుస్తాయి. కాలువ పక్క మడిలో రెండు దుబ్బుల మధ్య ఒకటి, ఆ పైన మరొకటి, చూస్తుండగానే చూపు అందినంత మేర కనబడసాగాయి. అతను లైటు నా చేతిలోంచి తీసుకుని, ఏమీ మాట్లాడకుండా గట్టు దాటి, గుళికలు వేసిన మడి వైపు తిప్పి చాలాసేపు వెతికాడు.